నూట యాభై రెండో నంబరు

విమానాశ్రయంలో ఆయన్ని పెద్ద కెప్టెన్ అంటారు, ఆయన కూతుర్ని చిన్న కెప్టెన్ అంటారు. ఇద్దరివీ వేర్వేరు కంపెనీలు కాబట్టి ఈ పేర్లతో ఇన్నాళ్ళూ ఎవరికీ పేచీ రాలేదు. పెద్ద కెప్టెన్‌ది చిన్న కంపెనీ. రెక్కలకి పంకాలు తిరిగే పదకొండు విమానాలు, అరవై మంది పైలట్లు, ఎవరి మోకాలి నొప్పి ఎంతవరకు వచ్చిందో అందరికీ తెలిసిన సంసారం. చిన్న కెప్టెన్‌ది పెద్ద కంపెనీ. అన్నీ జెట్లే. మూడు వందల మంది పైలట్లు, పక్కన కూర్చున్నవాడి పేరు తెలియాలంటే మెడలో కార్డు చూడాల్సిందే. మీవి విమానాలు కావు, ఎగిరే పంకాలని కూతురు వెక్కిరించేది. పంకా ఆగినా దిగడం మాకొచ్చు, కంప్యూటర్ ఆగితే మీకు ఏడుపొచ్చు అని తండ్రి తిప్పికొట్టేవాడు. ఆ ఇంట్లో పొద్దుటి కాఫీ చల్లారేది ఈ గొడవతోనే.

ఆ మంగళవారం పొద్దున మాత్రం ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. ఇద్దరూ ఒకేసారి చదివారు. రెండు కంపెనీలూ విలీనమవుతున్నాయి.

"మీవాళ్ళు మావాళ్ళని కొనేశారే!" అన్నాడు పెద్ద కెప్టెన్.

"కొనడం కాదు నాన్నా, విలీనం. ఇక్కడ రాశారుగా."

"మేక పులిలో విలీనమైందంటే ఎలా ఉంటుందో, ఇదీ అలాగే ఉంది."

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్న ఆయన భార్య ఆగింది. ఆవిడ అదే విమానాశ్రయంలో టవర్ మీద కూర్చుని ఏ విమానం ఎప్పుడు దిగాలో, ఏది ఆగాలో చెప్పే కంట్రోలర్. ముప్పై ఏళ్ళుగా ఆకాశంలో ఉన్నవాళ్ళందరూ ఆవిడ చెప్పినట్టే విన్నారు, ఇంటికొచ్చాక ఈయన తప్ప.

"ఉద్యోగాలకేమైనా ఢోకానా?" అనడిగింది.

తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి బుర్రలోనూ ఒకే మాట తిరిగింది. ఎవరూ పైకనలేదు. ఆ మాట జాబితా.

జాబితా అంటే ఏమిటో ఇక్కడే చెప్పేసుకోవాలి, లేకపోతే వీళ్ళంతా దేనికి కొట్టుకు చస్తున్నారో అర్థం కాదు. పైలట్ ఎంత నేర్పుగా విమానం నడిపినా ఆ లోకంలో అతని బతుకు ఒక నంబరు. కంపెనీలో చేరిన రోజు వరసలో అందరికన్నా చివర నిలబెట్టి ఒక నంబరిస్తారు. పైవాళ్ళు రిటైరయ్యేకొద్దీ అది పైకి జరుగుతుంది. కాక్‌పిట్‌లో ఎడమ సీటు కెప్టెన్‌ది, కుడి సీటు కో-పైలట్‌ది. ఎడమ సీటు ఎవరికి, ఆదివారం సెలవెవరికి, తెల్లవారకముందే లేవాల్సిన విమానం ఎవరి నెత్తిన, అన్నీ ఆ నంబరే తేలుస్తుంది. కంపెనీకి కష్టమొస్తే ముందు ఇంటికెళ్ళేది అట్టడుగు నంబరు. ఇంకో కంపెనీకి మారితే మళ్ళీ మొదట్నించీ. అందుకే పైలట్లు పెళ్ళి విషయంలోనైనా తొందరపడతారేమో గానీ కంపెనీ మారే విషయంలో మాత్రం పదిసార్లు ఆలోచిస్తారు. ఇప్పుడు అలాంటి వరసలు రెంటిని ఒకటి చెయ్యాలి. ఎవరి వెనక ఎవరు నిలబడాలి? గొడవంతా అదే.

పెద్ద కెప్టెన్ చేరి ఇరవయ్యారేళ్ళు, కెప్టెనై పంతొమ్మిదేళ్ళు. తన కంపెనీ జాబితాలో నాలుగో నంబరు. కూతురు చేరి ఏడేళ్ళు. పెద్ద కంపెనీ గబగబా పెరిగింది కాబట్టి ఎనిమిది నెలల కిందటే ఆమెకి ఎడమ సీటు దక్కింది. కెప్టెన్ కోటు చేతికి నాలుగు గీతలుంటాయి. ఆమె కోటుకి ఆ నాలుగో గీత తండ్రే కుట్టాడు, వంకరగా. దర్జీకిచ్చి సరిచేయిస్తానని తల్లి ఎంత పోరినా ఆమె కోటు ముట్టుకోనివ్వలేదు.

చిన్న కంపెనీ వాళ్ళు ఒకటే పాట పట్టారు: చేరిన తేదీ చూడండి. అలా చూస్తే పెద్ద కెప్టెన్ జాబితా నెత్తిన ఉంటాడు, కూతురు ఎడమ సీటు దిగి మళ్ళీ కో-పైలట్ అవుతుంది. పెద్ద కంపెనీ వాళ్ళది ఇంకో పాట: కొన్నది మేము, మా మూడు వందల మంది వెనక మీ అరవై మంది. అలా చేస్తే కూతురి సీటు భద్రం, తండ్రి మాత్రం మూడు వందల నాలుగో నంబరుగా, రేపో మాపో ఇంటికి పంపేవాళ్ళ గుంపులో ఉంటాడు. పంకాల విమానాలన్నీ ఏడాదిలో అమ్మేస్తారట, కాబట్టి పాత సీటునే పట్టుకు వేలాడే దారి కూడా లేదు.

ఇది చాలదన్నట్టు చిన్న కంపెనీ పైలట్లందరూ కూడబలుక్కుని చర్చలకి తమ తరఫున పెద్ద కెప్టెన్నే పంపించారు. తెలివైనవాడని కాదు, గొంతు పెద్దదని.

ఇంట్లో ఫ్రిజ్ తలుపు యుద్ధభూమి అయింది. ఎడమవైపు "ఇరవై ఏళ్ళ సేవకి విలువ లేదా?" అని తండ్రి సంఘం కరపత్రం వెలిసింది. మర్నాటికి కుడివైపు "కష్టపడి ఎక్కాం, కిందకి లాగకండి" అని కూతురి సంఘం కరపత్రం వెలిసింది. కూరగాయల కోసం ఫ్రిజ్ దగ్గరికొచ్చిన పెద్ద కెప్టెన్ భార్య రెండూ శ్రద్ధగా చదివి, మధ్యలో తన కాగితమొకటి అంటించింది. "పాలు అయిపోయాయి. ఎవరు సీనియరైతే వాళ్ళు తీసుకురండి." ఆ పూట ఇంటికి రెండు సార్లు పాలొచ్చాయి.

చర్చలు కంపెనీ ఆఫీసు మూడో అంతస్తులో, కిటికీల్లేని గదిలో జరిగేవి. మధ్యవర్తి ఒక రిటైరైన జడ్జి. విమానాల గురించి కిటికీ పక్క సీటు బాగుంటుందని తప్ప ఇంకేమీ తెలియని పెద్దమనిషి. ఆయన ముందు పెద్ద కెప్టెన్ రోజూ ప్రయోగించే అస్త్రం తన కో-పైలట్. పద్ధెనిమిదేళ్ళుగా ఒకే వైపు కూర్చున్నాడు కాబట్టి అతన్ని అందరూ కుడిసీటు అనే పిలుస్తారు. చిన్న కంపెనీలో ఎడమ సీటు ఖాళీ అయితే కదా అతను ఎక్కడానికి, అన్నది పెద్ద కెప్టెన్ వాదన.

"చూడండయ్యా ఈ మనిషిని," అని పెద్ద కెప్టెన్ అతన్ని రెక్క పట్టుకుని లేవదీసేవాడు. "పద్ధెనిమిదేళ్ళు! ఎదురుచూసి ఎదురుచూసి జుట్టు కూడా రాలిపోయింది. ఇతన్ని తీసుకెళ్ళి నిన్నగాక మొన్నొచ్చిన పిల్లల వెనక నిలబెడతారా?"

కుడిసీటు తల తడుముకుంటూ నిలబడేవాడు. ఆ జుట్టు కంపెనీలో చేరకముందే రాలిందని చెప్పే సందు అతనికెప్పుడూ దొరకలేదు.

ఆరు వారాలైనా ఏమీ తెగలేదు. పెద్ద కెప్టెన్ తల ప్రాణం తోకకొచ్చింది. ఒక పొద్దున కాఫీ తాగుతూ ఆ గదిలో జరిగిందంతా రెండో విడత ఇంట్లో జరిపిస్తుంటే, భార్య విని విని చేతిలో గిన్నె కింద పెట్టింది.

"ఏవండీ, మాకు రోజూ తూర్పునించి ఒక వరస, పడమటినించి ఒక వరస విమానాలొస్తాయి. దిగడానికున్నది ఒక్కటే రన్‌వే. ముందు ఎవరు ఇల్లు కదిలారని నేనడుగుతానా? ఎవరి విమానం పెద్దదని అడుగుతానా? ఏ వరసలో వాళ్ళని ఆ వరసలోనే ఉంచుతా, ఒకళ్ళని ఒకళ్ళు దాటనివ్వను. అటు రద్దీ ఎక్కువుంటే అటు అయిదు, ఇటొకటి. ఇప్పటిదాకా ఒక్కరు కూడా నా మీద కేసు పెట్టలేదు."

ఆయన చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది. మూడు వందలకి అరవై. అయిదుకొకటి! రెండు గంటల తర్వాత ఆ కిటికీల్లేని గదిలో లేచి, ఇదంతా తన సొంత బుర్రలో పుట్టినట్టే చెప్పాడు. రన్‌వే సంగతి కూడా వదల్లేదు. జడ్జి ఆరు వారాల్లో మొదటిసారి కళ్ళజోడు పెట్టుకుని కాగితం మీద రాసుకున్నాడు. రెండు వైపులవాళ్ళూ సరిసమానంగా సణిగారు. సమానంగా సణుగుతున్నారంటే న్యాయంగానే ఉన్నట్టని ఆయన తీర్పు చెప్పేశాడు. మూడేళ్ళదాకా ఒక్క పైలట్‌ని కూడా ఇంటికి పంపకూడదన్న షరతు కొత్త ఒప్పందంలో పెట్టించింది మాత్రం అచ్చంగా పెద్ద కెప్టెన్ గొంతే.

కలిపిన జాబితాలో ఆయనకి ఇరవై నాలుగో నంబరొచ్చింది. కుడిసీటుకి యాభై నాలుగు. కూతురికి నూట యాభై ఒకటి. ఎవరి ఉద్యోగమూ పోలేదు, జెట్‌లో ఎడమ సీటు తనకి ఖాయం, కూతురి నంబరూ పర్వాలేదు. ఆ సాయంత్రం ఆయనే ఫ్రిజ్ మీది కరపత్రాలు పీకేసి, పాత పాటలు పెట్టి, ఇల్లంతా ఈల వేసుకుంటూ తిరిగాడు.

నాలుగు రోజుల తర్వాత కంపెనీ ఇంకో ప్రకటన చేసింది. రెండు కంపెనీలూ నడిపే ఒకే దారి విమానాలు కొన్ని తగ్గిస్తున్నారట. ఎడమ సీట్లు మొత్తం నూట యాభై.

నూట యాభై. ఒక్కటంటే ఒక్క నంబరు.

కూతురు ఏడవలేదు. కోటు మడతపెట్టి బీరువాలో పెట్టింది. "ఫర్వాలేదు నాన్నా. కుడివైపు నాకు కొత్తేం కాదుగా. ఎవరైనా రిటైరవ్వాలి, ఏడాదో రెండేళ్ళో," అంది, ఆయనకేదో నష్టం జరిగినట్టు ఆయన్నే ఓదారుస్తూ. పెద్ద కెప్టెన్ గుండెల్లో రాయి పడింది. అయిదుకొకటని అంతమందిలో లేచి అరిచింది తనే. వంటగదిలో భార్య గరిట పట్టుకుని అలాగే నిలబడింది. "ఆ లెక్క నేను చెప్పకపోయినా బావుండేదండీ," అంది నెమ్మదిగా. "నువ్వు కాకపోతే ఇంకెవరో చెప్పేవాళ్ళులే," అన్నాడాయన. ఆ మాట ఇద్దరిలో ఎవరికీ ఊరటనివ్వలేదు.

అయితే ఒక నియమముంది. పై నంబరువాడికి ఎడమ సీటు హక్కే గానీ బలవంతం కాదు. ఎవరైనా తనకి కుడి సీటే కావాలని రాసిస్తే, వదిలేసిన ఎడమ సీటు జాబితాలో కిందికి జారి, నూట యాభై దగ్గర పడ్డ గీత అవతల మిగిలిపోయిన మొదటివాళ్ళకి పోతుంది. ఒకసారి రాస్తే రెండేళ్ళు వెనక్కి తీసుకోవడానికి లేదు. ఎవరేం రాశారో ఫలితాలొచ్చేదాకా ఎవరికీ చెప్పరు. రాయడానికి గడువు పది రోజులు.

ఈ నియమం కూతురికీ తెలుసు. తండ్రికీ తెలుసు. అందుకే మొదటి రోజే వచ్చి ఆయన కుర్చీ ముందు నిలబడింది.

"నాన్నా, ముందే చెప్తున్నా. నా కోసం నువ్వు కుడి సీటు రాశావో, నీతో మాట్లాడను. సీటు నా నంబరుతో నాకు రావాలి. నీ జాలితో కాదు."

"నాకేం పిచ్చా?" అన్నాడు పెద్ద కెప్టెన్. "జెట్‌లో ఎడమ సీటు! దానికోసం ఎన్నేళ్ళుగా నోరూరుతోందో నీకేం తెలుసు."

అది అబద్ధం కాదు. పంకాల విమానంలో కూర్చుని, తన తలపై రెట్టింపు ఎత్తులో తెల్లటి గీత గీసుకుంటూ పోయే జెట్లని చూసి ఆయన ఎన్నిసార్లు కుళ్ళుకున్నాడో లెక్కలేదు. ఆ సీటు కావాలి. చిన్నపిల్లాడికి కావాల్సినంత కావాలి. ఎడమవైపు కూర్చుని కూర్చుని ఆయనకి ఇంట్లో సోఫాలో కూడా ఎడమ మూలే అలవాటు. అయిదో రోజు ఎవరూ లేనప్పుడు కుడి మూలకి జరిగి కూర్చుని చూశాడు. టీవీ వంకరగా కనిపించింది. మళ్ళీ ఎడమకి జరిగాడు. అప్పుడు ఎదురుగా బీరువా కనిపించింది. మళ్ళీ కుడికి జరిగాడు. బజారునించి వచ్చిన భార్య ఇదంతా గుమ్మంలోంచి చూసి, కాలు కాలిన పిల్లిలా ఆ జరగడమేమిటని అడగబోయి, ఏమనుకుందో ఏమో, సంచీ తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

పదో రోజు పన్నెండింటికి గడువనగా, పదకొండున్నరకి పైలట్ల గదిలో మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చుని 'కుడి' అన్న గడిలో నొక్కాడు. నిశ్చయమేనా అని కంప్యూటర్ అడిగింది. "నోర్ముయ్," అని దాన్ని తిట్టి మళ్ళీ నొక్కాడు. ఏడుపొచ్చింది. పక్కన ఎవరైనా చూసేలోపు జేబురుమాలు తీసి జలుబు చేసినవాడిలా ముక్కు చీదుకున్నాడు.

సోమవారం పదకొండింటికి ఫలితాల కాగితం గోడకెక్కింది. జనం ఒకరి భుజాల మీంచి ఒకరు చూస్తున్నారు. కూతురు ముందు వరసలోంచి కేక పెట్టింది. ఎడమ సీట్ల వరసలో నూట యాభై ఒకటి ఉంది! పెద్ద కెప్టెన్ వెనకనించి పొంగిపోతూ, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టడానికి నానా తంటాలూ పడుతూ, కాగితం దగ్గరికి చేరాడు. చేరి చూస్తే వరస అక్కడితో ఆగలేదు. నూట యాభై ఒకటి కింద నూట యాభై రెండు కూడా ఉంది.

అంటే కుడి సీటు కోరుకున్నవాళ్ళు ఇద్దరన్నమాట. పక్క కాగితం చూశాడు. కుడి సీట్ల వరసలో మొదటి నంబరు ఇరవై నాలుగు. అది తనదే. రెండో నంబరు యాభై నాలుగు.

కుడిసీటు క్యాంటీన్‌లో ప్రశాంతంగా టీ తాగుతున్నాడు.

"ఏం చేశావురా నువ్వు?" అంటూ పెద్ద కెప్టెన్ అతని మీద ఒంటికాలి మీద లేచాడు.

"ఏం చేశానన్నా? నా సీటు నేను రాసుకున్నాను."

"పద్ధెనిమిదేళ్ళు ఎదురుచూశావు కదరా ఎడమ సీటు కోసం!"

"నేనెప్పుడు చెప్పాను? నువ్వు చెప్పావు. ఆ గదిలో రోజూ నువ్వే చెప్పావు." కుడిసీటు తాపీగా ఇంకో గుక్క తాగాడు. "నాకా ఎడమ సీటు గోల వద్దన్నా. సంతకాలు, రిపోర్టులు, విమానం ఆలస్యమైతే ప్రతివాడి తిట్లూ. ఇక్కడైతే చదవాల్సింది చదువుతా, చెయ్యాల్సింది చేస్తా, సెలవు రోజున చేపలు పట్టుకుంటా. హాయిగా ఉంది."

"మరి ఆ మాట ఒక్కసారైనా చెప్పొచ్చు కదరా!"

"నువ్వు నోరు తెరవనిస్తేగా." అతను కప్పు కింద పెట్టి అనుమానంగా చూశాడు. "ఇంతకీ ఆ ఇరవై నాలుగు నువ్వే కదూ? నువ్వెందుకు రాశావు?"

పెద్ద కెప్టెన్ గోడ మీది టీ ధరల పట్టీ చదవడం మొదలుపెట్టాడు. కుడిసీటుకి సంగతి అర్థమైంది. అర్థమయ్యాక అతను నవ్వడం మొదలుపెట్టాడు. పొలమారేదాకా నవ్వాడు. "అయితే పాప సీటు నావల్లే వచ్చేదన్నమాట! నీది ఊరికే ఎవడికో పోయింది!" అని బల్ల మీద చరిచి మరీ నవ్వాడు. పెద్ద కెప్టెన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది, కానీ దాన్ని ఎవరి మీద చూపించాలో పాలుపోలేదు.

సాయంత్రం ఇంట్లో కూతురు ఎదురుచూస్తోంది.

"ఇరవై నాలుగు ఎవరు నాన్నా?"

"అదా... కో-పైలట్లలో మొదటి నంబరైతే సెలవులు మనిష్టం. ఏ విమానం కావాలంటే అది. ఆదివారాలు చేపలు పట్టుకుందామని..."

"నీకు చేపలు పట్టడం రాదు."

"నేర్చుకుంటానే."

"వద్దన్నానా నేను? పదిసార్లు చెప్పానా? నువ్వు రాయకపోయినా నాకు వచ్చేది!"

"ఆ సంగతి నాకు ఇవాళే కదా తెలిసింది," అన్నాడు పెద్ద కెప్టెన్ దీనంగా.

వంటగదిలోంచి ముందు భార్య నవ్వు వినిపించింది. కూతురు బిగబట్టి బిగబట్టి తనూ నవ్వేసింది, ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. వచ్చి ఆయన పక్కన కూలబడింది. "రెండేళ్ళు నాన్నా. నీ జెట్ సీటు. ఎవడికో ఇచ్చేశావు."

"ఎవడు వాడు?"

"మా బ్యాచే. నా తర్వాతి నంబరు. విలీనం మాట రావడానికి వారం ముందే కెప్టెన్ పరీక్ష పాసయ్యాడు. పాపం, ఇంకా ఎడమ సీట్లో కూర్చోనేలేదు."

"ఎలాంటివాడు?"

"మంచివాడే. ఎక్కువ మాట్లాడడు."

"దొంగ వెధవ," అన్నాడు పెద్ద కెప్టెన్, ఏ ఆధారమూ లేకుండా.

అన్న మాట ప్రకారం కూతురు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు ఆయన జెట్ పుస్తకం తలకిందులుగా తిప్పి చూస్తుంటే ఇక ఉండలేక పక్కన కూర్చుంది. ఆ తర్వాత మూడు నెలలు ఆ ఇంట్లో గురువు కూతురు, శిష్యుడు తండ్రి. భోజనాల బల్ల మీద కాక్‌పిట్ బొమ్మ పరుచుకుని, ఈ మీట దేనికి, ఆ దీపం వెలిగితే ఏం చెయ్యాలి అని ఆమె అడగడం, ఆయన తప్పు చెప్పడం, ఆమె నెత్తి కొట్టుకోవడం. "నీ చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పించినప్పుడు నేనిలా కసిరానా?" అని ఆయన వాపోయేవాడు. "ఇంతకన్నా ఎక్కువే కసిరారు," అనేది భార్య. యాభై ఏడేళ్ళ వయసులో, తనకన్నా పాతికేళ్ళు చిన్నవాళ్ళ మధ్య కూర్చుని ఆయన పరీక్షలన్నీ పాసయ్యాడు. ఒక్కదాన్లో మాత్రం కూతురికన్నా రెండు మార్కులు ఎక్కువొచ్చాయి. అది విమానాశ్రయంలో తెలియని మనిషి లేడు.

శిక్షకులతో ఎగరాల్సిన విమానాలు కూడా అయ్యాక, కో-పైలట్లలో మొదటి నంబరు కాబట్టి ఎవరి పక్కన ఎగరాలో ముందు ఎంచుకునే హక్కు ఆయనదే. కూతురి పక్కనే కూర్చుంటాడని అందరూ పందేలు కట్టుకున్నారు. "నాతో మాత్రం రాకు నాన్నా, నాకు చేతులు వణుకుతాయి," అని ఆమె ముందే బతిమాలుకుంది. ఆయన ఎవరికి ఏ విమానమో రాసి ఉండే రోస్టర్ తెప్పించుకుని వేలు పెట్టి వెతికాడు. వెతికింది నూట యాభై రెండో నంబరుని. తన సీట్లో కూర్చున్నవాడెలా ఉంటాడో ఒకసారి చూడాలి. ఒక్క తప్పు దొరికితే చాలు, ఈ మూడు నెలల దుగ్ధ తీరుతుంది. పక్క ఊరినించి ఇంటి ఊరికి వచ్చే పొద్దుటి విమానం ఒకటి దొరికింది. దానికోసం ముందురోజే ప్రయాణికుడిగా టికెట్ తీసుకుని మరీ అక్కడికి వెళ్ళాడు.

కాక్‌పిట్‌లోకి వెళ్ళేసరికి ఎడమ సీట్లో ఉన్న సన్నటి కుర్రవాడు గబుక్కున లేవబోయి తల పైకప్పుకి కొట్టుకున్నాడు. "నమస్తే సార్. మీ గురించి చాలా విన్నాను సార్."

"కూర్చో బాబూ, కూర్చో."

కుడి సీట్లో కూర్చున్నాక పెద్ద కెప్టెన్ చెయ్యి అలవాటు చొప్పున ఎడమవైపు కిటికీ కోసం వెతికి, కుర్రవాడి భుజానికి తగిలింది. ఇద్దరూ గబగబా ఎవరి బెల్టు వాళ్ళు బిగించుకున్నారు. ఆ తర్వాత గంట సేపు ఆయన వాడిని కడుపులో చెయ్యి పెట్టి దేవినంత పని చేశాడు. మీటలు నొక్కడం చూశాడు, చదివింది విన్నాడు, మబ్బు పక్కనించి తప్పించిన తీరు చూశాడు. తప్పు దొరకలేదు. వాడు ప్రతిదానికీ ముందు ఆలోచించి, తర్వాత చేసి, చేశాక మళ్ళీ సరిచూసుకుంటున్నాడు. ఒళ్ళు మండింది.

"ఎవరో ఇద్దరు సీనియర్లు కుడి సీటు రాశారట సార్," అన్నాడు కుర్రవాడు, తనంతట తాను మాట్లాడిన మొదటి మాటగా. "లేకపోతే నేనిక్కడ ఉండను. గోడ మీది కాగితంలో నంబర్లే గానీ పేర్లు లేవు, వాళ్ళెవరో ఎవర్నడిగినా చెప్పరు. మీకేమైనా తెలుసా?"

"ఎవరో పిచ్చివాళ్ళులే బాబూ," అన్నాడు పెద్ద కెప్టెన్, కిటికీలోంచి చూస్తూ.

ఊరు దగ్గరపడింది. రేడియోలో ఆయన భార్య గొంతు వినిపించింది, ఎవరితోనైనా మాట్లాడే గొంతే. అడ్డగాలి బలంగా ఉందని, దిగడానికి అనుమతి ఉందని చెప్పింది. ఆయన కూడా ఎవరో పరాయి ఆవిడకి చెప్పినట్టే అదంతా తిరిగి అప్పజెప్పాడు. గాలి నిజంగానే పక్కనించి ఈడ్చి కొడుతోంది. ఆయన కాళ్ళు వాటంతటవే బిగుసుకున్నాయి, చేతులు ఒళ్ళో ఉంచుకోవడానికి చాలా కష్టపడ్డాడు. కుర్రవాడు విమానాన్ని గాలికి ఏటవాలుగా పట్టి, చివరి క్షణంలో తిన్నగా తిప్పి, మంచం మీద పసిపిల్లని పడుకోబెట్టినట్టు దించాడు.

"బాగా దించావు బాబూ," అన్నాడు పెద్ద కెప్టెన్. ఇష్టం లేకపోయినా అనక తప్పలేదు.

రన్‌వే వదిలి విమానం ఆగాల్సిన చోటికి మెల్లగా వెళుతున్నారు. ఎదురుగా, పసుపుపచ్చ కోటు వేసుకుని, చెవులకి ఇంజన్ల మోత సోకని బిళ్ళలు పెట్టుకున్న మనిషి రెండు చేతుల్లో రెండు బ్యాట్లు పట్టుకుని దారి చూపిస్తున్నాడు. రా, రా, ఇటు, కొంచెం ఇటు. కుర్రవాడు ఉన్నట్టుండి ఊపిరి బిగబట్టాడు.

"ఏమైంది?"

"మా నాన్న సార్."

"ఎక్కడ?"

"ఆ బ్యాట్లు పట్టుకున్నాయన. ముప్పై ఏళ్ళుగా ఇక్కడ ఇదే పని. నేను కెప్టెన్‌గా మన ఊళ్ళో దిగడం ఇదే మొదటిసారి సార్. షిఫ్టు మార్పించుకున్నట్టున్నాడు, నాకు చెప్పలేదు."

పెద్ద కెప్టెన్ ముందుకి వంగి చూశాడు. ఆ మనిషి ఆయనకి తెలుసు. ఆ బ్యాట్లని నమ్ముకుని ఎన్ని వందలసార్లు విమానం ఆపాడో. ఇన్నేళ్ళలో ఆ చేతులే చూశాడు గానీ మొహం ఒక్కసారీ చూడలేదు. ఇప్పుడు చూశాడు. కళ్ళు ఎడమ కిటికీ మీదే ఉన్నాయి. చేతులు మాత్రం పని తప్పలేదు. నెమ్మది, నెమ్మది, ఇంకొంచెం. రెండు బ్యాట్లూ తల మీద అడ్డంగా కలిశాయి. విమానం సరిగ్గా గీత మీద ఆగింది.

ఇంజన్లు ఆపేశారు. ఇక ఆ మనిషి బ్యాట్లు దించి పక్కకి తప్పుకోవాలి. దించలేదు. తల మీద అడ్డంగా పట్టుకున్న బ్యాట్లు అలాగే ఉన్నాయి. భుజాలు మాత్రం అదురుతున్నాయి.

బీరువా ముందు పది రోజులు పడ్డ నరకం పెద్ద కెప్టెన్‌కి ఒక్కసారిగా చాలా చిన్నదిగా కనిపించింది. తను కూతురి కోసం వదులుకున్నది ఊరికే పోలేదు, ఇంకో తండ్రి ఇంటికి చేరింది. ఇన్నాళ్ళ కుళ్ళూ ఏమైందో ఏమో, వెతికినా దొరకలేదు.

పక్కన కుర్రవాడు తడి కళ్ళతో కాగితం వెతుక్కుంటున్నాడు. "సార్, ఇంజన్లు ఆపాక చదవాల్సిన చెక్‌లిస్టు..."

"అది నేను చదువుతానులెండి," అన్నాడు పెద్ద కెప్టెన్. "ముందు మీరా కిటికీ తెరిచి చెయ్యి ఊపండి, కెప్టెన్. నాన్నగారి చేతులు నొప్పెడతాయి."